అంగుళంపావు తారు

ఆర్వో కెస్కి ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటీ రోడ్ల శాఖలో పనిచేశాడు. అందులో చివరి పద్దెనిమిదేళ్ళూ అతని పని ఒక్కటే, కాంట్రాక్టర్లు వేసిన తారు మందం కొలవడం. పొగలు కక్కుతున్న తారులో ఇనుప చువ్వ గుచ్చి, బొటనవేలితో గుర్తు పట్టి, పైకి తీసి చూసి, "పావంగుళం తక్కువుంది, తీసి మళ్ళీ వెయ్యి" అనేవాడు. ఎంత పెద్ద కాంట్రాక్టరైనా ఆ మాటకు తలవంచాల్సిందే. తన ఊరు కైవోలాలో ఇంటి ముందు దారి వేయించుకున్నవాళ్ళు కూడా ఒకసారి ఆర్వోను పిలిచి చూపించుకునేవారు. అతను చుట్టూ తిరిగి, అంచును బూటుతో తన్ని చూసి, బాగుందంటే బాగున్నట్టే.

అలాంటివాడి ఇంటి ముందు మాత్రం నలభై ఏళ్ళుగా కంకర దారే ఉంది. రోడ్డు నుంచి గరాజు దాకా ఎనభై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "అసలు ఖర్చెంతో తెలిసినవాణ్ణి, అందుకే వేయించలేదు" అని నవ్వేసేవాడు.

భార్య మార్లిస్‌కి తుంటి ఆపరేషన్ అయిన ఏడాది ఆ నవ్వు ఆగిపోయింది. ఆమె వాకరు చక్రాలు కంకరలో కూరుకుపోయేవి. ఏప్రిల్‌లో మంచు కరిగి దారంతా బురదగా ఉన్న ఒక రోజున, కారు దాకా నడవబోయి పడిపోయింది. ఎముకలు విరగలేదు గానీ ధైర్యం విరిగింది.

"ఇంక నేను బయటికి రానయ్యా," అంది కోటుకంటిన బురద తుడుచుకుంటూ. "చర్చికీ వద్దు, రోడ్డు పక్క మన పోస్టు డబ్బా దాకా కూడా వద్దు. కిటికీలోంచి చూసుకుంటా."

ఆ సాయంత్రమే ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కాగితం పెట్టుకుని కూర్చున్నారు. శీతాకాలానికి గ్యాసు, ఇంటి పన్ను, మార్లిస్ మందులు పక్కన పెట్టాక పొదుపులోంచి తీయగలిగింది ఐదున్నర వేల డాలర్లు. ఒక్క డాలరు కూడా అంతకు మించడానికి లేదు.

మర్నాడు వెస్ టెర్వో వచ్చి టేపు పట్టి కొలిచాడు. నలభై దాటినవాడు, నలుగురు పనివాళ్ళతో సొంతంగా తారు పని చేసుకుంటున్నాడు. పాత కంకర తవ్వి తీసి, ఎనిమిదంగుళాలు కొత్త కంకర పోసి దిమ్మిస కొట్టి, పైన రెండు పొరలుగా మూడంగుళాల తారు. మొత్తం ఎనిమిది వేల రెండు వందలవుతుందని అంచనా రాసిచ్చాడు.

ఆర్వో ఆ కాగితం చదివి, జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. ఒక్కో పద్దు పక్కనా తన అంకె వేశాడు, పిల్లవాడి లెక్కల పుస్తకం దిద్దినట్టు.

"తారు టన్ను ధరెంతో నాకు చెప్తున్నావా వెస్?"

"టన్ను ధర మీకు తెలుసు పెద్దాయనా. మా వాళ్ళ కూలీ ఎంతో తెలీదు, నా రోలరు మీద బాకీ ఎంతో తెలీదు," అన్నాడు వెస్. కోపంగా కాదు, విసుగ్గా. కాసేపు దారి వైపు చూసి మళ్ళీ అన్నాడు. "ఒక పని చేద్దాం. కారాగే చోటు నుంచి మెట్ల దాకా ఇప్పుడు వేస్తా. ఆంటీ నడిచేది అంతవరకే గదా. ఐదు వేలలో అయిపోతుంది. మిగతాది రెండేళ్ళ తర్వాత చూసుకోండి."

మంచి మాటే. కానీ ఆర్వో చెవులు ఎర్రబడ్డాయి. సగం తారు, సగం కంకర. రోడ్డు మీద పోయేవాళ్ళందరూ చూసి, రోడ్ల ఇన్‌స్పెక్టరు ఇంటి ముందు సగం దారి అనుకుంటారు. "ఆలోచించి చెప్తాలే," అని కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడు.

జూన్ రెండో వారంలో, మార్లిస్‌ని ఆమె చెల్లెలు వ్యాయామ చికిత్సకు తీసుకెళ్ళిన పొద్దున, ఒక తారు లారీ ఇంటి ముందు ఆగింది. దాని వెనక ట్రెయిలరు మీద చిన్న రోలరు. లైల్ అని పేరు చెప్పుకున్న ఒకతను దిగి, టోపీ తీసి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. అవతల కౌంటీ రోడ్డు పని పూర్తయిందట. కొంత తారు మిగిలిపోయిందట. చల్లారితే పారబోయడమే గనక మూడు వేల తొమ్మిది వందలకు దారి మొత్తం వేసేస్తాడట. నగదు ఇస్తే చాలట.

ఆ వేసవిలో ఆ చుట్టుపక్కల ఏ కౌంటీ రోడ్డు మీదా పని లేదని ఆర్వోకు తెలుసు. రిటైరైనా ఆ పనుల జాబితా ప్రతి ఏడూ తెప్పించుకుని చదివేవాడు. తన దారికి మూడంగుళాలు వేయాలంటే పదిహేడు టన్నులు కావాలని తెలుసు. ఆ లారీలో ఉన్నది ఏడు టన్నులకు మించదని, లారీ కుంగిన తీరు చూస్తేనే తెలుసు. అన్నీ తెలిసి కూడా అతని కళ్ళ ముందు ఒక్కటే కనిపించింది. సాయంత్రం మార్లిస్ ఇంటికొచ్చేసరికి నల్లగా, నున్నగా, రోడ్డు దాకా మొత్తం దారి. పైగా పదహారు వందలు మిగులు.

"వేసెయ్," అన్నాడు.

రెండు గంటల్లో అయిపోయింది. కంకర తవ్వలేదు, దిమ్మిస లేదు, ఉన్నదాని మీదే పరిచి రోలరు నడిపారు. ఆర్వో గరాజులోకి వెళ్ళి, మేకుకు వేలాడుతున్న పాత చువ్వ తీసుకొచ్చాడు. ఎందుకు తెచ్చాడో తనకే తెలియదు, చేతులకున్న అలవాటు. వేడి తారులో గుచ్చి, బొటనవేలు ఆనించి, పైకి తీశాడు. అంగుళంపావు.

నాలుగడుగుల దూరంలో లైల్ చూస్తున్నాడు. "ఎలా ఉంది పెద్దాయనా?"

చువ్వను ప్యాంటుకు తుడుచుకున్నాడు ఆర్వో. ఆ ఒక్క క్షణంలో అతను ఏమైనా అని ఉండవచ్చు. డబ్బు ఇవ్వనని, కౌంటీ పోలీసు షెరిఫ్‌ని పిలుస్తానని. కానీ ఏం చెప్పాలన్నా ముందు తాను మోసపోయానని ఒప్పుకోవాలి.

"బాగుంది," అన్నాడు.

నోట్లు లెక్కపెట్టి ఇస్తుండగానే పక్కింటి బెర్నడీన్ పెల్కీ కంచె దాటి వచ్చింది. ముప్పై ఏళ్ళు బడిలో వంట చేసి రిటైరైన మనిషి. భర్త పోయి ఆరేళ్ళయింది. మాట మాత్రం ఇంకా భోజనాల హాలంతటికీ వినిపించేటట్టే మాట్లాడుతుంది.

"ఏమయ్యా ఆర్వో! చివరికి చేతులు కదిలాయా? అద్దంలా ఉందయ్యా. ఎంతైంది?"

చెప్పాడు.

"అంతేనా! మరి నాది చిన్నదేగా, నాకూ వేస్తారా వీళ్ళు? ఎన్నంగుళాలు పడింది? నువ్వు కొలవకుండా ఊరుకోవుగా."

లైల్ నోట్లు జేబులో పెట్టుకుంటూ ఆర్వో మొహం వైపే చూస్తున్నాడు.

"మూడు," అన్నాడు ఆర్వో.

లైల్ నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, పెదవి చివర కదిలిందంతే. ఇద్దరూ ఒకే లారీలోంచి దిగినట్టు నవ్వాడు. ఆ తర్వాత ఎన్నో నెలలు ఆర్వోకు ఆ నవ్వు తలపుకొచ్చినప్పుడల్లా అన్నం సయించేది కాదు.

బెర్నడీన్ దారి మర్నాడే వేశారు, రెండు వేల ఏడు వందలకు. ఆ పొద్దున్నే ఆర్వో పడవ తీసుకుని చెరువు మీదికి వెళ్ళాడు. గాలం వేయలేదు. మధ్యాహ్నం దాకా ఊరికే కూర్చుని, రోలరు చప్పుడు ఆగిపోయి ఉంటుందనుకున్నాక తిరిగొచ్చాడు.

మార్లిస్ సంతోషానికి అంతులేదు. రోజూ వాకరు తోసుకుంటూ పోస్టు డబ్బా దాకా వెళ్ళి వచ్చేది. ఉత్తరాలు లేకపోయినా వెళ్ళేది. "నువ్వు నా కాళ్ళు తిరిగి ఇచ్చావయ్యా," అని ఒకసారి భుజం తట్టింది. ఆర్వో పక్కకు తప్పుకుని, గరాజులో పనుందని వెళ్ళిపోయాడు. ఎవరైనా ఆ దారిని మెచ్చుకుంటే మాట మార్చేవాడు. ఆగస్టులో అంచులు పొడిపొడిగా రాలుతుంటే, మార్లిస్ పడుకునేటప్పుడు చీపురుతో ఊడ్చి ఎత్తి పోసేవాడు. నవంబరులో మంచు పడి అంతా కప్పేశాక కాస్త ఊపిరి తీసుకున్నాడు.

ఏప్రిల్ రాక తప్పలేదు. ముందు విరిగింది బెర్నడీన్ దారి. ఇంటి గ్యాసు ట్యాంకు నింపే లారీ లోపలికి వచ్చేసరికి వెనక చక్రాల కింద తారు అప్పడంలా పెళపెళ విరిగి బురదలోకి దిగిపోయింది. ఆ లారీని బయటికి లాగడానికి ఇంకో లారీ తెప్పించారు. ఆ వారంలోనే ఆర్వో దారి మీద మెట్ల దగ్గర నుంచి రోడ్డు దాకా సాలెగూడులా పగుళ్ళు లేచాయి.

బెర్నడీన్ వచ్చింది. కానీ ఆమె తిట్టడానికి రాలేదు. మార్లిస్ కాఫీ పోసి, యాలకుల రొట్టె కోసి పెడితే, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పాపం, నిన్ను కూడా ముంచేశారు కదయ్యా ఆర్వో," అంది. "నాది పోతే పోయింది, నాకేం తెలుసు? నీలాంటివాణ్ణే పట్టపగలు బోల్తా కొట్టించారంటే ఎంత దొంగ వెధవలో! చర్చిలో కూడా అందరికీ అదే చెప్పా. ఎవరో నవ్వబోతే నోరు మూయించా. పెద్దమనిషిని చూసి నవ్వుతార్రా అని."

ఆర్వో కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"రేపు నాతో షెరిఫ్ ఆఫీసుకి రా. నువ్వు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. వాళ్ళు మూడంగుళాలని నమ్మించారని, పైపైన చూస్తే నీక్కూడా తెలీలేదని. నీ మాటకి విలువుంటుంది."

మార్లిస్ చెయ్యి చాచి అతని చేతి మీద వేసింది. "వెళ్ళు, ఇందులో సిగ్గేముంది? ఎవరికైనా జరుగుతుంది."

ఆ చెయ్యి బరువునే అతను తట్టుకోలేకపోయాడు.

"కొలిచాను," అన్నాడు.

"ఏంటీ?"

"ఆ రోజే కొలిచాను బెర్నడీన్. చువ్వ పెట్టి. అంగుళంపావు ఉంది. నువ్వు అడిగినప్పుడు నాకు తెలుసు."

మార్లిస్ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"మూడన్నావు," అంది బెర్నడీన్. ఆ గొంతు అంత చిన్నగా ఉండగా ఆర్వో ఎన్నడూ వినలేదు.

"అన్నాను."

"వాడు బెదిరించాడా?"

అవునంటే సరిపోయేది. ఆమే దారి చూపిస్తోంది. "లేదు," అన్నాడు. "సిగ్గేసింది. అంతే."

బెర్నడీన్ లేచింది. కోటు ఒక చేతికి తొడుక్కుని, రెండోది తొడుక్కోవడం మర్చిపోయి తలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

"నీకు సిగ్గేసిందని నా చేత రెండు వేల ఏడు వందలు పెట్టించావా? ఊరంతా తిరిగి నీ తరఫున ఏడ్చానయ్యా నేను."

తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది. విసురుగా వేసి ఉంటే బాగుండేదనిపించింది ఆర్వోకు.

మార్లిస్ రొట్టె ముక్కలు డబ్బాలో సర్ది, మూత పెట్టి, అప్పుడు అంది. "వెస్ సగం దారి వేస్తానన్నాడుగా. నాకు అంతే చాలును. రోడ్డు దాకా నల్లగా ఉండాలని నేనెప్పుడైనా అడిగానా?"

"లేదు."

"మరి రోజూ నేను పోస్టు డబ్బా దాకా నడుస్తుంటే చూస్తూ ఏమనుకున్నావు?"

ఆర్వో లేచి, బెర్నడీన్ వదిలేసి వెళ్ళిన కాఫీ సింకులో పారబోశాడు.

మర్నాడు షెరిఫ్ ఆఫీసుకు ఒక్కడే వెళ్ళి జరిగింది జరిగినట్టు రాసిచ్చాడు. ఆ డిప్యూటీ కుర్రాడికి ముప్పై ఏళ్ళుండవు. రాసుకుంటూ రాసుకుంటూ తలెత్తి, "అంటే సార్, మందం తక్కువని తెలిశాకే డబ్బిచ్చారా?" అని మర్యాదగా అడిగాడు. ఆర్వో అవునన్నాడు. కుర్రాడు ఆ మాట కూడా రాసుకున్నాడు. లారీ నంబరు ఎవరి దగ్గరా లేదు. లైల్ అన్నది అసలు పేరో కాదో కూడా తెలియదు. వాళ్ళు దొరకనే లేదు.

తర్వాత, మిగిలిన పదహారు వందలకు ఏడాది పొదుపు కలిపి చెక్కు రాసుకుని బెర్నడీన్ ఇంటికి వెళ్ళాడు. ఆమె తలుపు సగమే తీసింది.

"డబ్బు తీసుకుంటా, నాకేం మొహమాటం లేదు," అని చెక్కు అందుకుంది. "కానీ అయిపోయిందనుకోకు. నన్ను అందరి ముందూ అబద్ధాలకోరుని చేశావు. నిన్ను మోసం చేశారని నేనే చెప్పా. ఇప్పుడు కాదని మళ్ళీ నేనే చెప్పాలా? గురువారం చర్చిలో పేస్టీలు చేసేటప్పుడు నీ నోటితో నువ్వే చెప్పు."

గురువారం పొద్దున చర్చి కింది హాలులో ఇరవై మంది దాకా ఉన్నారు. శుక్రవారం అమ్మే పేస్టీల కోసం, అంటే మాంసమూ దుంపలూ కూరి కాల్చే కజ్జికాయల్లాంటి వాటి కోసం, కొందరు పిండి ఒత్తుతున్నారు, కొందరు మాంసం కలుపుతున్నారు. ఆర్వో ఎప్పటిలాగే దుంపలు తరిగే బల్ల దగ్గర కూర్చున్నాడు. అరబస్తా దుంపలు అయ్యేదాకా నోరు పెగల్లేదు. హాలుకు అటు చివర బెర్నడీన్ అతని వైపు చూడకుండా పిండి ఒత్తుతోంది. చివరికి కత్తి కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి, గట్టిగా అన్నాడు. మాటలు ఆగాయి.

నాలుగు వాక్యాల్లో చెప్పేశాడు. ఇంట్లో అద్దం ముందు ఇంకా ఎన్నో మాటలు అనుకున్నాడు గానీ, అవన్నీ సాకుల్లా అనిపించి మింగేశాడు.

పాస్టరు భార్య ఏదో ఓదార్పు చెప్పబోయి ఆగిపోయింది. అప్పుడు ఎల్మర్ సోడర్ అనే ఎనభై ఏళ్ళాయన, పాత లారీ డ్రైవరు, ముక్కు మీది కళ్ళద్దాలు సర్దుకుంటూ అడిగాడు.

"మరి మా ఇంటి ముందు దారి బాగుందన్నావు గదరా? పదేళ్ళయింది. అదెన్నంగుళాలు?"

"అది మూడంగుళాలు ఎల్మర్. నిజంగా మూడే."

"మరి చెరువు రోడ్డో? దాన్నీ నువ్వే కొలిచావుగా."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. ఎల్మర్ దెప్పడానికి అనలేదు, నిజంగానే అడిగాడు. అదే ఆర్వోను కుదిపేసింది. పద్దెనిమిదేళ్ళలో ఒక్క రోడ్డు మీద కూడా అబద్ధం కొలత రాయలేదు. ఒక కాంట్రాక్టరు క్రిస్మస్‌కి పంపిన మాంసం బుట్టను కూడా తిప్పి పంపించాడు. ఆ సంగతి ఇప్పుడు ఎవరికి చెప్పినా నమ్మడానికి ఆధారమేదీ లేదు. ఉన్న ఒక్క ఆధారమూ తన మాటే.

"అవన్నీ సరిగ్గానే కొలిచాను," అన్నాడు. తన చెవులకే అది అబద్ధంలా వినిపించింది. కూర్చుని మళ్ళీ దుంపలు తరగడం మొదలుపెట్టాడు. ముక్కలు పెద్దవీ చిన్నవీ పడ్డాయి. పక్కనున్నావిడ వాటిని తన వైపు లాక్కుని సమంగా తరిగింది.

బెర్నడీన్‌కు రెండు వేల ఏడు వందలు తిరిగొచ్చినా, విరిగినదంతా ఎత్తించి మళ్ళీ వేయించడానికి అవి చాలవు. ఆర్వో పడవ, దాని మోటారు అమ్మేశాడు. ఆ డబ్బు పట్టుకుని వెస్ టెర్వో షెడ్డుకు వెళ్ళాడు. వెస్ రోలరుకు గ్రీజు పెడుతున్నాడు.

"విన్నా," అన్నాడు తల తిప్పకుండానే. "ఎర్ర పెన్ను తెచ్చారా?"

"లేదు. బెర్నడీన్ దారి వెయ్యాలి. నువ్వెంతంటే అంత."

వెస్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అతని మొహంలో ఏదో పదునైన మాట కదిలి ఆగిపోయింది. "మీది కూడా పగిలిందటగా?"

"మాది ఎత్తించేసి కంకర పోయించుకుంటా. మెట్ల దగ్గర ఒక్క ముక్క మాత్రం తారు. మార్లిస్ కోసం. అది వచ్చే ఏడు, డబ్బు చూసుకుని."

"ముక్కకి వచ్చే ఏడు దాకా ఎందుకు? పక్కింట్లో పని చేస్తున్నప్పుడే వేసేస్తా. తారు ఖరీదు ఇవ్వండి చాలు," అని, ఒక్క క్షణం ఆగి, "ఆంటీ కోసం," అన్నాడు వెస్. ఎవరి కోసం కాదో ఆర్వోకు అర్థమైంది.

జులైలో బెర్నడీన్ దారి పడింది. పని జరిగిన రెండు రోజులూ ఆర్వో కంచె ఇవతలే ఉండిపోయాడు. ఎవరూ రమ్మనలేదు. బెర్నడీన్ ఆ తర్వాత కనిపించినప్పుడల్లా గుడ్ మార్నింగ్ అనేది, వాతావరణం గురించి ఒక ముక్క అనేది, తన దారిన తాను వెళ్ళేది. మార్లిస్‌తో మాత్రం ఎప్పటిలాగే గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేది. ఊళ్ళో ఎవరూ మళ్ళీ కొత్త దారి చూడమని ఆర్వోను పిలవలేదు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, అతను వెనక పెరట్లో కట్టెలు పేరుస్తుంటే బెర్నడీన్ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. ఇంటి కప్పు మార్చడానికి ఎవరో ఇచ్చిన అంచనా.

"ఇందులో ఈ రెండో వరస ఏంటో అర్థం కావట్లేదు. నీకేమైనా తెలుసా?"

ఆర్వో చేతి తొడుగులు తీసి కాగితం అందుకున్నాడు. రెండుసార్లు చదివాడు. ఏదో ఒకటి చెప్పగలడు. ఇదివరకైతే చెప్పేవాడే.

"తెలీదు బెర్నడీన్," అన్నాడు. "కప్పుల పని నాకు తెలీదు."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసింది. "సరే, వాణ్ణే అడుగుతా," అని కాగితం తీసుకుని, ఎండుటాకులు తొక్కుకుంటూ కంచె వైపు నడిచింది. ఆర్వో మొహం వేడెక్కింది. తొడుగులు మళ్ళీ వేసుకుని మిగిలిన కట్టెలు పేర్చాడు.